కంచె లోపలి అడవి

పొలం చుట్టూ కంచె వేయడం మనకు కొత్త కాదు. పశువులు వచ్చి పైరు మేయకుండా వేస్తాము. అడవికే కంచె వేసి, లోపలి మృగాలను లెక్కించి పద్దు రాసుకుని, ఎక్కువైన వాటిని వేలంపాటలో అమ్ముకునే పద్ధతి మాత్రం మన వైపు వారికి వింతగానే తోస్తుంది. దక్షిణాఫ్రికాలో ఈ రకం సొంత అడవులు సుమారు 9,000 వున్నవని అంచనా. వాటిలో చాలా భాగం ఒకప్పుడు పశువుల మేతబీళ్లు. ఆవులను మేపడం కంటె జింకలను మేపితేనే నాలుగు డబ్బులు మిగులుతవని తెలిసి, ఆసాములు ఒకరి వెనుక ఒకరు ఈ దారి పట్టారు.

డర్బనులో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు పిలవగా, మొన్నటి జూన్ నెలలో అటువంటి అడవి ఒకదానిలో రెండు రాత్రులు గడిపే అవకాశం మాకు కలిగింది. అక్కడ జూన్ అంటే చలికాలం. గడ్డి ఎండి, చెట్ల ఆకులు పలచబడి, నీటి మడుగులు తరిగిపోయే రోజులు. మృగాలను చూడబోయేవారికి ఇదే అనువైన కాలం. తప్పనిసరిగా నీళ్లకు రావాలి గనుక అవి కంటబడతవి.

డర్బను నుంచి ఉత్తరానికి మూడు గంటలకు పైగా ప్రయాణం. టుగేలా నది దాటితే జులూల దేశం. నది దాటేదాకా, దాటిన తరువాత కూడా చాలాదూరం, రోడ్డుకు రెండు పక్కలా చెరకు తోటలే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను డర్బను రేవులో దింపినది ఈ చెరకు కోసమే. ఆ తరువాత 1911 వరకు ఓడల మీద వెళ్ళిన లక్షన్నర మందిలో మన గంజాం, విశాఖ జిల్లాలవారు ఎందరో వున్నారు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ సంగతులు రాయబోతే వేరే వ్యాసమే అవుతుంది. ఈ నెలకు మృగాల దగ్గరే ఆగుదాము.

మేము దిగిన చోటు విస్తీర్ణం 7,000 ఎకరాలు. మన లెక్కకు ఇది జమీందారీ. అక్కడి లెక్కకు చిన్న చెక్క. ప్రభుత్వంవారి క్రూగర్ జాతీయవనం 48 లక్షల ఎకరాలుంటుంది. జులూల దేశంలోనే, 1895లో ఏర్పడిన హ్లుహ్లువే–ఇంఫొలోజి వనం రెండు లక్షల ముప్పైవేల ఎకరాలకు పైచిలుకు. పెద్ద వనాలలో మన కారు మనమే నడుపుకుంటూ రోజంతా తిరగవచ్చును. అదృష్టం బాగుంటే సింహం, లేకపోతే దుమ్ము. చిన్న చోటికి వెళితే వారి బండిలో, వారి మనుషులతో, వారు చెప్పిన వేళకే తిరగాలి. మాకు ఆ రెండో పద్ధతే నచ్చినది. తెలిసినవాడు పక్కనుంటే గాని అడవి కనిపించదు.

బండి అంటే పైకప్పు లేని పెద్ద జీపు. సీట్లు మెట్లుమెట్లుగా, సినిమాహాలు బాల్కనీ మాదిరి వున్నవి. ముందు ఎడమవైపు, ఇంజను మూత అంచున ఒక చిన్న కుర్చీ బిగించి వున్నది. అందులో కూర్చునే మనిషిని ట్రాకరు అంటారు. నేల మీది అడుగుజాడలు చదవడం అతని వృత్తి. వెళ్ళేముందు మాకు చెప్పిన నియమం ఒక్కటే: కూర్చున్నవారు లేవరాదు. బండినీ, అందులోని మనుషులనూ మృగాలు ఒకే ఆకారంగా చూస్తవట. ఒకడు లేచి నిలబడితే ఆ ఆకారం చెడిపోయి, అక్కడ మనిషి వున్నాడని వాటికి తెలిసిపోతుంది.

తెల్లవారకముందే లేపి, వేడి కాఫీ చేతికిచ్చి, కంబళ్ళు కప్పి ఎక్కించారు. మా ఇంటావిడ కంబళిలోనుంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, “ఏమండీ, ఈ చలికి బుద్ధివున్న మృగమేదీ బయటికి రాదు” అన్నది. పది నిమిషాలు గడిచాయో లేదో జిరాఫీలు ఎదురైనవి. తుమ్మచెట్టు కొసన ఆకు దూస్తున్నవి. ఆ చెట్టును చూస్తే మన వూరి చెరువుగట్టే జ్ఞాపకం వచ్చినది. మన నల్లతుమ్మ జాతి అక్కడా వున్నది. ఇంతింత పొడుగు ముళ్ళ నడుమ జిరాఫీ తన నాలుకను పోనిచ్చి ఆకు మాత్రమే లాగుకునే తీరు, పూలు కోసే ముసలమ్మ చేతివాటంలాగా వున్నది.

అయితే మాకు ఎక్కువ నచ్చినవి పెద్ద మృగాలు కావు. ట్రాకరు దిగి చూపిన చిన్న సంగతులే. ఖడ్గమృగం ఎప్పుడూ ఒకేచోట పేడ వేస్తుంది. ఆ దిబ్బ దాని చిరునామా అన్నమాట. ఆ దారిన వచ్చిన మరొకటి వాసన చూచి, ఎవరిది, ఆడదా మగదా, ఎంతసేపైనది అన్నీ తెలుసుకుంటుందట. పేడలో గడ్డి మాత్రమే వుంటే వెడల్పు మూతి జాతి, కొమ్మల పుల్లలు ఏటవాలుగా తెగి వుంటే కొక్కెపు మూతి జాతి. ఇంగ్లీషువారు మొదటిదాన్ని తెల్లదనీ, రెండోదాన్ని నల్లదనీ అంటారు గాని, రంగుకు వస్తే రెండూ బూడిదవర్ణమే. మేమూ బడిలో తెల్ల ఖడ్గమృగం అని చదువుకున్నవారమే. తెల్లదనం ఎక్కడా కనిపించలేదు.

అదే ఉదయం ఖడ్గమృగాలూ కనిపించినవి. తల్లీ పిల్లా. ఇరవై బారల దూరంలో నిలబడి గడ్డి మేస్తున్నవి. మా మేనల్లుడి కొడుకు ఎనిమిదేళ్లవాడు, కాసేపు చూచి, “తాతయ్యా, దీనికి కత్తి ఏదీ?” అని అడిగాడు. వాడికి ఖడ్గమృగం అనే మాటకు అర్థం మేమే ముందురోజు చెప్పి వున్నాము. నిజమే, తల్లి ముక్కు మీద కొమ్ముకు బదులు గుండ్రని మోడు వున్నది.

దొంగలకు భయపడి కోసివేశారు. కొమ్ములో ఎముక లేదు. మన గోరులో వుండే పదార్థమే. మత్తుసూది వేసి రంపంతో కోస్తారు. వేరు తగలకుండా కోస్తే నొప్పి వుండదు, మళ్ళీ పెరుగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళకొకసారి తిరిగి కోయవలసినదే. ఆసియాలో కొన్ని దేశాలవారు దాన్ని మందు అనీ, హోదా అనీ కొంటారు. దేశాల మధ్య ఆ వ్యాపారం 1977 నుంచి నిషిద్ధం. అయినా దక్షిణాఫ్రికాలో 2014 ఒక్క ఏడాదిలోనే దొంగలు 1,215 ఖడ్గమృగాలను చంపారు. 2024లో ఆ సంఖ్య 420. తగ్గినది కదా అని సంతోషించడానికి మనసొప్పదు. మునుపటికంటె మృగాలే తక్కువగా మిగిలినవి గదా.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరకు ఈ వెడల్పు మూతి ఖడ్గమృగాలు దక్షిణాన నూరింటికి లోపే మిగిలినవి, అదీ ఇంఫొలోజి నది చుట్టుపక్కలనే. వాటిని కాపాడి పెంచినది ప్రభుత్వ వనమే. 1960 తరువాతి సంవత్సరాలలో ఇయాన్ ప్లేయర్ అనే అధికారి, ఆయన తోటివారు, వాటిని మత్తుసూదులతో పట్టి, లారీలెక్కించి, ఇతర వనాలకూ, విదేశాల జంతుశాలలకూ, సొంత భూముల ఆసాములకూ పంపారు. అన్నీ ఒకేచోట వుంటే ఒక్క రోగంతో అన్నీ పోవచ్చునని వారి ఆలోచన. ఇవాళ ఆ దేశపు ఖడ్గమృగాలలో సగానికి పైగా సొంత ఆసాముల దగ్గరే వున్నవి. అంటే మృగాన్ని బతికించిన పనిలో కంచెకూ, లాభం చూసుకునే ఆసామికీ భాగం వున్నది. మాకు ఈ మాట రాయడం ఇష్టం లేకపోయినా రాయక తప్పదు.

ఆ భాగానికి ఖరీదూ వున్నది. మేమున్న చోట రాత్రి తుపాకులు పట్టుకుని కంచెవెంట తిరిగే కాపలావారు ఆరుగురు. వారి జీతాలు మా గది అద్దెలో కలిసే వున్నవని మేనేజరు చెప్పాడు. ఇంత ఖర్చు భరించలేక ఖడ్గమృగాలను వదిలించుకున్న ఆసాములు అనేకులు. దేశంలో అన్నిటికన్న పెద్ద మంద ఒక్క వ్యక్తి దగ్గరే వుండేది, 2,000. 2023లో ఆయన దాన్ని వేలం వేస్తే కొనేవాడు లేకపోయాడు. చివరకు వనాలను నడిపే ఒక ధర్మసంస్థ తీసుకుని, పదేళ్ళలో వాటిని తిరిగి అడవులకు చేరుస్తామన్నది.

మేనేజరు మా ఉద్యోగం సంగతి తెలిసి, తమ రిజిస్టరు చూపాడు. గుమాస్తాకు రిజిస్టరు చూపితే ఇక సింహం ఎందుకు! ఏడాదికొకసారి హెలికాప్టరులో తిరిగి లెక్క తీస్తారు. జింకలు ఇన్ని, చారల గుర్రాలు ఇన్ని, పుట్టినవి, చచ్చినవి, కొన్నవి, అమ్మినవి. చివర నిల్వ. మా ఆఫీసు స్టాకు రిజిస్టరుకూ దానికీ తేడా లేదు, ఇక్కడి సరుకు గడ్డి తింటుందనే తప్ప. ఏడువేల ఎకరాల గడ్డి ఇన్ని నోళ్ళకే చాలుతుంది. ఆపైన పుట్టినవి వేలానికి. వేలంపాటలు కూడా సామాన్యమైనవి కావు. 2016లో ఒక అడవిదున్నలో పావు వాటా 4 కోట్ల 40 లక్షల రాండ్లకు అమ్ముడుపోయినది. ఆ లెక్కన మొత్తం దున్న 17 కోట్ల 60 లక్షలన్నమాట. కొమ్ముల వెడల్పును బట్టి ఆ ధర. తరువాత ఆ మోజు పడిపోయి ధరలు కూలినవి. దున్నలో పావు వాటా కొన్నవాడు ఏ పావు కొన్నాడో మాకు అర్థం కాలేదు.

మృగం ఒకరి సొత్తు ఎట్లా అవుతుందని మేము అడిగాము. పూర్వం అక్కడ రోమనుల కాలంనాటి సూత్రమే నడిచేది. అడవి మృగం ఎవరిదీ కాదు, పట్టినవాడిదే. కంచె దూకి పక్కవాడి భూమిలోకి పోతే పక్కవాడి అదృష్టం. 1991లో కొత్త చట్టం వచ్చినది. నీ కంచె తగినంత గట్టిగా వున్నదని ప్రభుత్వం సర్టిఫికెట్టు ఇస్తే, మృగం తప్పించుకుపోయినా నీదే. ఆ కాగితం మీదనే ఈ వ్యాపారమంతా నిలబడినది. మన దేశంలో 1972 చట్టం ప్రకారం ఇది ఊహకు కూడా అందదు. అడవిపంది మన పొలం పాడుచేస్తే దాన్ని కొట్టడానికి మనకు హక్కు లేదు, పోషించి అమ్ముకోవడానికీ హక్కు లేదు.

మేమున్న చోట సింహాలు లేవు. పిల్లవాడు అలిగాడు. మాకు మాత్రం ఆ మాటతో మేనేజరు మీద గౌరవం పెరిగినది. సింహాల కుటుంబానికి మూడు నాలుగు రోజులకొక పెద్ద మృగం కావాలి. చిన్న చోట వాటిని వదిలితే, కొన్నాళ్ళకు జింకలు అయిపోయి, బయటినుంచి కొని తెచ్చి వదలవలసి వస్తుంది. తండ్రీ కూతుళ్ళకు కలయిక జరగకుండా మగవాటిని మరొక వనంతో మారకం చేయాలి. ఆడవాటికి పిల్లలు పుట్టకుండా మందు వేయాలి. ఏనుగులకూ అంతే. 2000వ సంవత్సరం నుంచి మకలాలి అనే సొంత వనంలో ఆడ ఏనుగులకు దూరంనుంచే గర్భనిరోధపు టీకా వేస్తున్నారు. మన కుటుంబనియంత్రణ వారు ఏనుగుల దాకా వెళ్ళలేదు!

రోడ్డు మీద మరొకచోట, సింహం పిల్లలను ఎత్తుకుని ఫోటో తీయించుకోవచ్చునని బోర్డు కనిపించినది. పిల్లవాడు “ఆపండి, ఆపండి” అని గోలపెట్టాడు. మా మేనల్లుడు ఆపలేదు. మన కుటుంబాలు ఎవరైనా వెళితే ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ పిల్లలను పుట్టిన కొద్ది రోజులకే తల్లినుంచి విడదీస్తారు. అట్లా విడదీస్తే తల్లి త్వరగా మళ్ళీ ఈనుతుంది. చిన్నప్పుడు ఫోటోలకు, కాస్త ఎదిగితే యాత్రికులతో కలిసి నడిపించడానికి, పూర్తిగా ఎదిగిన తరువాత కంచెలోనే డబ్బున్న వేటగాడి తుపాకీకి. ఆ తరువాత ఎముకలు కూడా అమ్మకానికే. ఇటువంటి పెంపకాన్ని నిలిపివేయాలనే విధానానికి అక్కడి మంత్రివర్గం 2024లో ఆమోదం తెలిపినది. బోర్డులు మాత్రం ఇంకా వున్నవి. గది తీసుకునే ముందు, “మీ దగ్గర సింహం పిల్లలను ముట్టుకోనిస్తారా?” అని అడగండి. అవునంటే ఆ చోటు మానుకోండి.

భోజనం సంగతి ఆడవారు తప్పక అడుగుతారు. ముందే చెబితే శాకాహారం వండుతారు. మొదటిరాత్రి చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న పిండితో చేసిన గట్టి అంబలి వంటిది పెట్టారు. దాన్ని వారు పాప్ అంటారు. మా ఇంటావిడ సంచిలోనుంచి ఆవకాయ తీసి కలుపుకుని, రాగిసంకటికి తోబుట్టువు అన్నది. వంటమనిషి ఆవిడను “మామా” అని పిలవడం విని పిల్లవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. జులూలో మామా అంటే అమ్మా అని.

ట్రాకరు అరవై దాటిన మనిషి. మేము అందరి మాదిరి ఆయనను “బాబా” అన్నాము. వారి భాషలో పెద్దవారికి అదే గౌరవం. రెండో సాయంత్రం ఒక గుట్ట దగ్గర బండి ఆపించి, టోపీ తీసి ఒక్క నిమిషం నిలబడ్డాడు. అక్కడ రాళ్ళ కుప్పలు నాలుగైదు, ఒక పెద్ద మర్రి వంటి చెట్టు. ఆయన తాతగారి సమాధి అది. ఆ భూమిలో వారి కుటుంబం పశువులు మేపుకునేది. 1913లో వచ్చిన చట్టం నల్లవారికి దేశంలో నూటికి 7 వంతుల భూమి మాత్రమే వుంచి, మిగతా చోట కొనడానికి హక్కు లేకుండా చేసినది. తరువాత ఒకనాడు ఆసామి నోటీసు ఇచ్చి, గుడిసెలు ఎత్తివేయించాడు. అప్పటికి ఆయన పిల్లవాడు. ఇప్పుడు అదే నేల మీద, పొరుగుదేశాలవారికి అడుగుజాడలు చూపే నౌకరీ.

“కేసు వేయలేదా బాబా?” అని మా మేనల్లుడు అడిగాడు. 1994లో వచ్చిన చట్టం, 1913 తరువాత భూమి పోగొట్టుకున్నవారు తిరిగి కోరడానికి వీలు కల్పించినది. దగ్గరలోని ఫిండా అనే పెద్ద సొంత వనంలో 2007లో రెండు జులూ సమాజాలకు భూమి తిరిగి దక్కినది. వారు కంచె తీయలేదు, ఆవులను తోలలేదు. భూమిని వనంవారికే కౌలుకిచ్చి, కౌలుడబ్బూ, ఉద్యోగాలూ తీసుకుంటున్నారు. ఈ పెద్దాయన మాత్రం, తమ కుటుంబం దగ్గర కాగితం లేదన్నాడు. “మా కాగితం ఇదే” అని రాళ్ళ కుప్పను చూపాడు. ఏడాదికి ఒకరోజు వారి చుట్టాలందరికీ ఆసామి గేటు తీస్తాడట. దున్నలు తిరిగే చోటు గనుక వారు పూజ చేసుకుంటున్నంతసేపూ తుపాకీ పట్టుకున్న కాపలావాడు పక్కన నిలబడతాడట. తన తాతకు దణ్ణం పెట్టుకోవడానికి గేటు దగ్గర పుస్తకంలో సంతకం చేయాలని చెప్పి ఆయన నవ్వాడు. మేము నవ్వలేకపోయాము.

జులూలు పలకరింపుగా “సావుబోనా” అంటారు. “మేము నిన్ను చూస్తున్నాము” అని దాని అర్థం. వచ్చేటప్పుడు ఆయన మాకు ఆ మాట నేర్పించి, తప్పు పలికితే దిద్ది, మళ్ళీ పలికించాడు.

బరంపురం తిరిగివచ్చిన తరువాత ఒక ఆదివారం భేట్నోయి వెళ్ళాము. అస్కా దగ్గర వున్న ఆ వూళ్ళు, బాలిపదర్ చుట్టుపక్కలవి, మన పాఠకులలో గంజాం వారందరికీ తెలిసే వుంటవి. ఎన్నాళ్ళనుంచో అక్కడి రైతులు కృష్ణజింకలను కొట్టరు, కొట్టనివ్వరు. ఒకప్పుడు కరువులో ఈ జింకలు వచ్చిన తరువాతనే వాన పడినదని వారి నమ్మకం. కంచె లేదు, సర్టిఫికెట్టు లేదు, నిల్వ రిజిస్టరు లేదు. జింకలు వేలల్లో వున్నవి. వరిచేలో దిగి మేస్తున్నవాటిని అదిలించకుండా, ఒక ఒడియా రైతు పక్క మడిలో కలుపు తీస్తున్నాడు. నష్టం ఎంత వుంటుందని ఆయన భాషలోనే అడిగాము. “ఏటా కొంత పోతుంది. మా తాతలనాటినుంచి పోతూనే వున్నది” అన్నాడు. అధికారులు నష్టపరిహారం ఇస్తారు గాని కాగితాలు తిప్పలేక చాలామంది అడగరట. కుక్కలు తరుముతవి, రోడ్డు మీద బండ్లు కొడతవి. కంచె లేనిచోట ఆ బాధలు తప్పవు. కొడుకులు సూరతు మిల్లులకు పోతున్నారు, వారికి ఈ నమ్మకం ఎంతవరకు వుంటుందో చూడాలన్నాడు.

అక్కడికి టిక్కెట్టు లేదు, కాఫీ ఇచ్చేవారు లేరు. తెల్లవారకముందే చేరుకోవాలి. ఎండ ఎక్కితే జింకలు పొదలలోకి పోతవి. కుక్కను వెంట తీసుకుపోవద్దు.